రేట్ల పుస్తకంలో లేని ఐటమ్

టేపు ఒక కొస నేను పట్టుకున్నాను,
రెండో కొస మాలి ఏసురత్నం పట్టుకున్నాడు.
మధ్యలో నూట పదకొండేళ్ల తోట.
వైశాఖం ఎండ. వశిష్ఠ పోటు మీద ఉంది.

ఫైలు మీద సుందరీకరణ అని రాసుంది.
నేను మున్సిపాలిటీ వర్క్ ఇన్‌స్పెక్టర్ని,
నాకిచ్చిన ఫారంలో గళ్లు రెండే:
తొలగించునవి. కొత్తగా వేయునవి.

ఇనప బెంచీలు పద్నాలుగు.
కాళ్లకి సింహం పంజాలు, మూడింటికి గోళ్లు అరిగిపోయాయి.
తొలగించునవి.
సున్నం గచ్చు మెట్లు కనిపిస్తున్నవి పదమూడు,
కిందవి ఎన్నో పాటు తీస్తే గానీ తేలదు.
"సాయంత్రం దాకా ఉండండి సార్, అవే పైకొస్తాయి."
పన్నెండేళ్ల సర్వీసులో మొదటిసారి
ఒక నదికోసం ఆగాను.

రెండింటికి లేసు ఆడవాళ్లు వచ్చారు.
పొగడచెట్టు కింద ఎవరి రాయి వాళ్లది.
సూది ఒక దారిన, మాట ఒక దారిన,
ఒళ్లో తెల్లదారం నెమ్మదిగా పువ్వవుతోంది,
దాని మీద నిజం పువ్వులు రాలుతున్నాయి.
మంగతాయారు అనే ఆవిడ టేపు చూసి అడిగింది:
"బాబూ, నీ కొలతల్లో మరుగుదొడ్డి ఉందా?"
లేదు.
ఫౌంటెన్ ఉంది, రంగుదీపాలతో, పాటకి ఎగిరేది.
"నలభైమందిమి. చీకటి పడేదాకా
గొంతు తడుపుకోడానికి భయపడి కూచుంటాం.
మాకు ఎగిరే నీళ్లెందుకయ్యా?"
చెవి మీది పెన్సిలు తీశాను, మళ్లీ పెట్టేశాను.

అసలు పద్దు ఇంకా చెప్పలేదు.
తోట పల్లం, ఏటా శ్రావణంలో మునుగుతోంది,
కనక నాలుగడుగుల మెరక, ఏటి వైపు కాంక్రీటు గోడ,
పైన టైల్స్.
ఏసురత్నం టేపు వదిలేశాడు.
అది సర్రున నా గుప్పిట్లోకి దూరింది.

మాట్లాడకుండా మండపం స్తంభం దగ్గరికి తీసుకెళ్లాడు.
రాతి మీద గీతలు.
యాభైమూడు, ఎనభైఆరు: ఇవి ఉలితో చెక్కినవి.
మిగతావి మేకుతో,
తాత గీసినవి, నాన్న గీసినవి,
మోకాలెత్తున నిరుటిది, తనది.
"పల్లంగా ఉండిపోలేదండి, పల్లంగా ఉంచారు.
ఊళ్లోకొస్తే గోదారికి కూచోడానికి చోటు కావాలి కదండీ.
ఇక్కడ కూచోనివ్వకపోతే
జాలరిపేట సందుల్లోకి పోద్ది.
మూడ్రోజులు కూచుంటాది, ఒండ్రు ఇచ్చి పోతాది.
నేనెప్పుడూ ఎరువు కొన్లేదు."

పాటు తీసింది.
ఒక్కో మెట్టూ పాకురుతో, జారుతూ బయటపడింది.
ఎనిమిదో దాని మీద పులిజూదం గళ్లు!
ఎవరో ఏ నీళ్లు లేని ఎండాకాలంలోనో చెక్కుకున్నవి.
ఒక మూల గుంటలో నత్త ఒకటి
మేకలా ఇరుక్కుని ఉంది.
పులి ఎత్తు నాదా అనిపించింది.

రాత్రి స్కేలు పెట్టి మూడో గడి గీశాను:
ఉంచి, బాగుచేయునవి.
బెంచీలకి చెక్కలు, తుప్పుకి రంగు.
మెట్లకి సిమెంటు కాదు, సున్నం, బెల్లం, కరక్కాయ,
పాళ్లు తాపీ మస్తాన్‌ని అడిగి రాశాను.
గట్టు మీద మరుగుదొడ్డి, లోపల గొళ్లెం,
గుమ్మం ముందు దీపం.
పంటు దిగే ముసలాళ్లకి మెట్ల పక్కన ఏటవాలు దారి, పట్టుకోడానికి కమ్మీ.
మెరక: లేదు. గోడ: లేదు.
ఒండ్రు, ఏటా మూడంగుళాలు, ధర: సున్నా.
సరఫరాదారు పేరు దగ్గర కాసేపు ఆగి
రాసేశాను.

ఫైలు రెండుసార్లు వెనక్కొచ్చింది,
ఆ పేరు చుట్టూ ఎర్రసిరా సున్న.
మూడోసారీ అలాగే పంపాను.
ఆషాఢం వచ్చింది. ఏట్లోనూ ఎర్రనీళ్లే.
ఏసురత్నం మెట్ల మీద కూర్చుని
మేకు నూరుకుంటున్నాడు.